ఐదో జవాబు

ఆఫీసంతా ఖాళీ అయిపోయింది. ఉద్యోగులకి శిక్షణ పాఠాలు తయారుచేస్తుంది గనక అందరూ పాఠాలక్క అని పిలిచే ఆమె మాత్రం, తెల్లారేసరికి అప్పగించాల్సిన అగ్నిప్రమాదాల ఆన్‌లైన్ పాఠంతో కుస్తీ పడుతోంది. చివర్లో క్విజ్, నాలుగే ప్రశ్నలు. జవాబులు సరిగ్గా నమోదవుతున్నాయో లేదో చూద్దామని నాలుగూ తనే నొక్కింది.

రిపోర్టులో ఐదు జవాబులున్నాయి. ఐదోది: ‘బయట గడియ పెట్టారు.’

పాత టెస్టు తాలూకు చెత్త అనుకుని, అన్నీ చెరిపేసి మళ్లీ నొక్కింది. ఈసారి ఐదోది: ‘పొగ వస్తోంది.’

వెంటనే వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది.

“బాబాయ్, కింద ఎవరైనా ఉండిపోయారా?”

“ఎవరూ లేరమ్మా. అన్ని గదులూ చూసుకునే గడియలు పెట్టాను.”

హమ్మయ్య అనుకుంటూ ఫోన్ పెట్టేసింది. ఆమె ఏమీ నొక్కకుండానే రిపోర్టులో ఆరో జవాబు పడింది.

‘అప్పుడూ ఇదే అన్నాడు.’