మీరుండే గది

కాగితాలన్నీ తిరగేసేసరికి టీచరమ్మకు ఒళ్లు మండిపోయింది. పొడవు పది అడుగులు, వెడల్పు ఎనిమిది, ఎత్తు పన్నెండు. మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా ఒకే తానులో ముక్కలు.

“మీరుండే గది మీరే కొలిచి, నేల వైశాల్యం, గది ఘనపరిమాణం కట్టుకు రమ్మన్నాను. పక్కవాళ్లది చూసి దించుకు రమ్మన్నానా?”

ఎదురుగా ఉన్నవాళ్లంతా చదువు లేటుగా మొదలుపెట్టి పదో తరగతి పరీక్షకు కట్టబోతున్న ఆడవాళ్లు. అందరూ టీచరమ్మకంటే వయసులో పెద్దవాళ్లే.

“ఒట్టమ్మా, చూసి రాయలేదు,” అంది బొద్దక్క. “టేపు అడిగితే ఇవ్వలేదు. జానలతో కొలిచాం. నా జాన చాటంత, దీని జాన గరిటెంత. అడుగుల్లోకి మార్చేసరికి తలప్రాణం తోక్కొచ్చింది.”

ఎవరో కిసుక్కుమన్నారు. టీచరమ్మ నవ్వలేదు.

“మరి ఎత్తు?”

“చీపురుకర్రతో.”

“పోనీ, ఇద్దరు ముగ్గురు ఒకే గదిలో ఉంటున్నారా?”

“లేదమ్మా. ఎవరి గది వాళ్లదే.”

వాళ్లను నమ్మడానికి మిగిలిన ఆ ఒక్క దారీ మూసుకుపోయింది. పాఠం చెప్పడానికి వచ్చిన మొదటిరోజే పెద్ద మేడం హెచ్చరించింది. “వీళ్ల కబుర్లకు కరిగిపోకండి. ఎవరు మోసం చేసినా నాకు చెప్పండి. పరీక్షకు పేరు పంపను.” ఆ పేర్లు పంపాల్సింది ఈ సాయంత్రమే.

వాళ్లలో వంటపని చూసే ఆమె లేచి నిలబడింది. అందరిలోకీ లెక్కల్లో చురుకైన మనిషి.

“నా పేరు మాత్రం కొట్టెయ్యకండమ్మా. మా పిల్ల కూడా ఈ ఏడే పది రాస్తోంది. ఇన్నాళ్లూ నా మొహం చూడనని భీష్మించుకు కూర్చుంది. నాతోపాటు నువ్వూ పాసై చూపించు, అప్పుడొస్తానని ఇప్పటికి కబురు పంపింది.”

టీచరమ్మ బోర్డు మీద గుండ్రటి డబ్బా గీసింది. అడుగుభాగం వ్యాసార్థం ఏడు అంగుళాలు, ఎత్తు పది.

“కట్టు, చూస్తాను.”

వంటామె సుద్దముక్క అందుకుంది. “ఏడేడ్లు నలభై తొమ్మిది... పదితో హెచ్చవేస్తే నాలుగువందల తొంభై... దాన్ని ఇరవై రెండుతో హెచ్చవేసి ఏడుతో భాగిస్తే...” పెదాలు కదుపుతూ, చెరుపుతూ, మళ్లీ రాస్తూ చివరికి తేల్చింది. “వెయ్యిన్ని అయిదువందల నలభై ఘనపుటంగుళాలమ్మా.”

పొల్లుపోని జవాబు. టీచరమ్మకు కోపం పోయి ఏడుపొచ్చినంత పనైంది. వచ్చిన లెక్కకు కాపీ దేనికి? తప్పు తెలిసీ ఊరుకుంటే రేపు ఏ ముఖంతో పాఠం చెప్పాలి? చెబితే, ఆ పిల్ల ఇక ఎప్పటికి వస్తుంది?

“ఇంత బాగా వచ్చినదానివి, నీకేం ఖర్మ? ఇంతమంది గదులు గోరంత తేడా లేకుండా ఎక్కడైనా ఉంటాయా? నన్ను మరీ అంత వెర్రిదాన్ని అనుకున్నారా?”

వంటామె బిత్తరపోయి చూసింది. ఏం తప్పు చేసిందో ఆమెకు అంతు చిక్కడం లేదు. టీచరమ్మ ఎర్రకలం మూత తీసింది.

వెనక బెంచీ మీది పెద్దామె నెమ్మదిగా నోరు విప్పింది.

“మీరీ ముందు హాలు దాటి లోపలికి ఎప్పుడూ రాలేదు గానీ తల్లీ, జైలు గదులన్నిటికీ కొలత ఒకటే.”