పచ్చబూజు అన్నం

వ్యవసాయ ఆఫీసు నుంచి మొగుడు తెచ్చిన పొట్లం విప్పింది ధనం. అన్నానికి పచ్చగా బూజు పట్టింది. తీసుకెళ్ళి సత్రపట్టి ఊర్లోని తమ కొబ్బరితోటలో పెంటకుప్ప మీద పారేసింది.

మొగుడు రాజగోపాల నెత్తి కొట్టుకున్నాడు. "ఏమి పని చేసినావు! కొబ్బరి మొవ్వులు తినే కొమ్ముపురుగుకు ఆ బూజే మందు. దానికని మూడు తూర్లు తిరిగినాను."

"పూసణం పట్టిన అన్నము మందని నాకెట్ల తెలుసు?"

పొద్దంతా కుప్ప కెలికి, అడ్డమొచ్చిన తెల్లపురుగులను పక్కకు నెట్టి, మెతుకు మెతుకూ బకెట్లోకి ఏరాడు. ఆఫీసరుకు స్పీకర్లో ఫోన్ చేశాడు.

"సార్, ఏ చెట్టుకు ఎంత పెట్టాల?"

"చెట్టుకు కాదండి. కొమ్ముపురుగు పిల్లలు పెరిగేది పెంటకుప్పలో. దాంట్లోనే కలపండి."

ధనం బకెట్టు అందుకుంది. "ఇట్ల ఇవ్వండి. చోటు నాకు తెలుసు."