ఎనిమిది నెలలకే మాటపట్టు

మరేటాకి దగ్గు తగ్గడం లేదు, వచ్చి చూడండి అని మఠం నుంచి కబురు రాగానే సియేనీ లోలోపల సంతోషించింది.

రోగిష్టి పిల్లల్ని మఠంలో ఉంచుకోరు. సన్యాసినిగా నల్ల ముసుగు వేయకముందే ఇంటికి పంపేస్తారు. సవాయి దీవిలో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. అందుకే కూతురికి పువ్వుల గౌను ఒకటి, కొబ్బరిపాలలో ఉడికించిన చేమదుంపలు ఓ బుట్టెడు పట్టుకుని పొద్దున్నే, మఠం ఉన్న అపియాకి ఓడ ఎక్కింది. తిరుగు ఓడకి రెండు టిక్కెట్లు కొనాలి. దారంతా అదే ఆలోచన.

గేటు దగ్గర సిస్టర్ లుసియా ఎదురొచ్చింది.

"సమయానికొచ్చావమ్మా. మరేటాకి ఇవాళే మాటపట్టు, దేవుడికి సన్యాసం మాటిస్తుంది. ఇక మా సిస్టరే."

సియేనీ బుట్ట కింద పెట్టేసింది.

"ఇవాళా? అందరికీ రెండేళ్లు చూస్తారు కదా! నా పిల్ల వచ్చి ఎనిమిది నెలలేగా?"

"మదర్ ఒప్పుకున్నారు."

"ఎందుకొప్పుకోరు! ఇంటికెళ్లిపోతుందని భయం. నేనొచ్చేలోగా ముడేసేద్దామనుకున్నారు. మా ఊళ్లో కోళ్లదొంగ నయం. వాడు చీకటి పడేదాకా అయినా ఆగుతాడు."

లుసియా నవ్వలేదు, కోప్పడలేదు. తలుపు తీసింది. ఏ తల్లి వచ్చినా కటకటాల ఇవతలే నిలబెట్టి మాట్లాడించే మఠం అది. తనని మంచి చేసుకోవడానికే ఈ మర్యాద అనుకుంది సియేనీ.

మరేటా మంచం మీంచే మాటిచ్చింది. జ్వరం దిగలేదట. చచ్చేదాకా పేదగా, కన్యగా, చెప్పిన మాట వింటూ ఉంటానంది. మదర్ నల్ల ముసుగు కప్పి, వేలికి ఉంగరం తొడిగింది. ఉంగరం వదులైంది. పిల్ల ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఏడవకే అమ్మా. నేను కోరుకుంది దొరికింది."

"నోర్ముయ్. గౌను చూడు, నీ కొలతకే కుట్టించాను."

వసారాలోకి రాగానే సియేనీ గబుక్కున లుసియా చెయ్యి పట్టుకుంది.

"ఇందాక తిట్టినందుకు మన్నించు సిస్టర్. బిషప్పు కాళ్లయినా పట్టుకుంటాను. ఈ మాటపట్టు చెల్లకుండా పోయే దారి ఏదైనా ఉంటే చెప్పు. నా పిల్లని ఇంటికి తీసుకెళ్లాలి."

లుసియా తన రెండో చెయ్యి సియేనీ చేతి మీద వేసింది.

"ఒక్కటే ఉందమ్మా, డాక్టరు ఆశ వదులుకున్న పిల్లకే గడువుకు ముందు మాటపట్టు ఇస్తాం కాబట్టి, మరేటా బతికితే ఇది చెల్లదు."