ఆరేసిన దుప్పట్లు

ఈ నెల ఒక్క ఇల్లయినా అమ్ముడుపోకపోతే వీధంతా కూల్చేస్తామన్నారు హౌసింగ్ ఆఫీసువాళ్ళు. వీధిలో మిగిలింది అమ్మా, నేనూ. ఖాళీ ఇళ్ళ బాల్కనీల్లో తడి దుప్పట్లు ఆరేసే పని నాకిచ్చారు. కొనేవాళ్ళకి జనం ఉన్నట్టు కనపడాలట. వీధికి ప్రాణం పోయడమంటే ఇదీ!

ఇవాళ ఆఫీసరు వెంట ఒకావిడ వచ్చింది. కుళాయి తిప్పి చూసింది.

"నీళ్ళు బాగొస్తాయక్కా. ఇరుగుపొరుగు బంగారం," అన్నాను సిగ్గు విడిచి.

"వీళ్ళంతా ఏరి తమ్ముడూ?"

"పనులకెళ్ళారు. తీసుకో అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. మా ఇల్లు నిలబడుతుంది."

ఆవిడ, ఆఫీసరు ఎత్తి పట్టుకున్న కెమెరాకి ఓ నవ్వు నవ్వి, గొంతు తగ్గించింది.

"ఊరుకో తమ్ముడూ. కొనేవాళ్ళు వస్తున్నారని పైవాళ్ళకి ఫోటోలు పంపాలట. నన్నూ కూలికే తెచ్చారు. నాకు తలదాచుకోడానికి గదే లేదు."