మంగళారం బస్సు

"ఏం చదువు బిడ్డా అది? బూజు దులిపే చదువు!"

కోరుట్లల బస్సు కదిలిందో లేదో, లక్ష్మీరాజం గొంతు లేచింది. ఆయన పక్కన ఓదెలు. కిటికీకాడ ఓదెలు బిడ్డ అలేఖ్య. ముగ్గురికీ బస్సెక్కినంకనే పరిచయం. పిల్ల చేసిన తప్పల్లా ఒక్కటే. "యాడికి బిడ్డా?" అని ఆయన మంచిగ అడిగితే, దాపరికం లేకుంట చెప్పింది.

"యూనివర్సిటీకి మామా. లైబ్రరీ సైన్స్‌ల ఒక్కటే సీటు మిగిలింది. పదకొండు గంటలకు పేర్లు పిలుస్తరు. మెరిట్‌ల ముందు నేనే."

గంతే. అప్పటిదాక పల్లీలు పంచిన మనిషి పొట్లం మడిచి జేబుల పెట్టుకున్నడు.

"మా సిరిసిల్ల మేనల్లుడు గిదే చదివిండు బావా," అన్నడు ఓదెలుతోని. "ఒకనాడు దుమ్ముకు తుమ్మిండు. ఆ తుమ్ముకు ఒక బీరువా కూలింది. అది తగిలి ఇంకోటి, అది తగిలి మరోటి. లైబ్రరీ మొత్తం వానిమీదనే పడ్డది. తవ్వి తీసిండ్రు. ఇప్పటికీ పుస్తకం చూస్తే గజగజ వణుకుతడు. పిల్లనిచ్చేటోడు లేడు."

బస్సంత నవ్వింది. అలేఖ్య నవ్వలేదు.

"గది బీరువాల చదువు గాదు మామా. సమాచారం ఏదైనా ఎతికినోళ్లకు దొరికేటట్టు పెట్టే చదువు. కాలేజీలల్ల, దవాఖానలల్ల, కంపెనీలల్ల, పేపరాఫీసులల్ల కొలువులుంటయి. మీ సిరిసిల్ల చీరెల డిజైన్లు కంప్యూటర్ల భద్రం చెయ్యాలన్నా మాసొంటోళ్లే గావాలె."

"ఫోన్ల నొక్కితే అన్ని దొరుకుతయి. నువ్వెందుకు నడుమ?"

"ఫోన్ల మీ మేనల్లుని తుమ్ము గూడ నిజమనే దొరుకుతది. కాదని తేల్చేటందుకే మేము."

ఈసారి బస్సు ఆయనను చూసి నవ్వింది. లక్ష్మీరాజం మొఖం మిరపపండయింది.

"నోరు చూసినవా బావా! దీన్ని ఏ ఇంటోడు భరిస్తడు? జగిత్యాలల దించి వాపస్ తోల్కపో. పరువన్న దక్కుతది."

ఓదెలు కదల్లేదు. "తాటిచెట్లెక్కి కల్లు గీసి చదివిచ్చిన. నా బిడ్డ ఏది చదువుతనంటే గదే."

"ఎండిన తాటికి కల్లు లొట్టి కడుతున్నవ్!"

"నా చెట్టు, నా లొట్టి. నీకేం నొప్పి?"

జగిత్యాల దాటినా తిట్లు ఆగలేదు. కొండగట్టు కమాన్ కనపడంగనే మాత్రం లక్ష్మీరాజం గొంతు తగ్గింది.

"సరే బావా, నీ ఇష్టం. ఇయ్యాల మంగళారం. చెట్టెక్కే మోకు ముట్టేముందు అంజన్నకు దండం పెట్టుకుంటవు గదా? మరి బిడ్డ బతుకు ముంగట పెట్టుకొని ఆయన గుమ్మం ముందలికెళ్లి ఊకెనే పోతవా? సర్టిఫికెట్లు కాళ్లకాడ పెట్టి తియ్యి. పావుగంట పని."

"వచ్చేటప్పుడు మొక్కుదాం నాయినా. టైం లేదు," అన్నది అలేఖ్య.

ఓదెలు అప్పటికే లేచి నిలబడ్డడు. ఇన్నేండ్లు తాటిచెట్టు మీద పట్టుకొని నిలబెట్టిన దేవుడు. కాదంటే ఎట్ల?

ఇద్దరూ దిగిండ్రు. గుట్ట కిందిదాక జనమే జనం.

బస్సు కదిలింది. లక్ష్మీరాజం పల్లీల పొట్లం విప్పిండు. నాలుగు గింజలు నోట్లేసుకొని ఫోన్ తీసిండు.

"వర్షా, మెరిట్‌ల నీ ముందున్న పిల్ల కొండగట్టుల దిగింది బిడ్డా, నువ్వు హాలు తలుపుకాడికెళ్లి కదలకు, అలేఖ్యా అని పిలిచి పిలిచి ఊకున్నంక ఆ లైబ్రరీ సీటుకు పిలిచేది నీ పేరే."