గుర్రాల బాయి

ఆ పొద్దున మబ్బు బాగానే పట్టింది. గొడుగు తీసుకుపొమ్మంది భార్య జీవమ్మ. గాబ్రియేలు ఆటో ఎక్కేలోగా మబ్బంతా పాలకొండల మీదుగా ఎటో జారుకుంది.

కడప పాత వస్తువుల ప్రదర్శనశాలలో ఆ రోజు చూడవచ్చినవాడు అతనొక్కడే.

"ఇదిగో పెద్దాయనా, నవాబుల కాలం తూకం రాళ్లు. ఇది మన ఊరికి కొత్తగా రైలొచ్చినప్పటి లాంతరు..." అక్కడి ఉద్యోగి మురళి హుషారుగా చూపిస్తున్నాడు.

"అవన్నీ చూసి నేనేం జేయల్ల సారూ? నీళ్లు చేదేది ఏమన్నా ఉంటే చూపీ."

మురళి నవ్వి గోడవారకు తీసుకెళ్లాడు. ఎద్దులతో బావి నీళ్లు తోడే తోలు బాన. ఎండి చెక్కలా బిగుసుకుపోయింది.

గాబ్రియేలు వచ్చింది దీనికోసమే. ఊరి చివర అతనికి మూడెకరాల చీనీ బత్తాయి తోట. ఆరు బోర్లు వేశాడు. ఆరూ దుమ్మే కక్కాయి. ఈ ఎండాకాలం నీళ్లు పెట్టకపోతే చెట్లు చస్తాయి. చెట్లు చస్తే, ప్లాట్లు వేసేవాళ్లకు చేను రాసివ్వక తప్పదు. జీవమ్మది ఒకటే మాట: "కూలికి పోదాం, పస్తుందాం. ఆ నేల మాత్రం ఒకరి చేతికి పోగూడదు." ఆ చేలో ఎప్పుడో ఒక బావి ఉండేదని, దాని బాన కడపలో పెట్టారని ఎవరో చెప్పారు.

"గుర్రాల బాయి బాన ఇది," అన్నాడు మురళి. "ఒకప్పుడు కడప జట్కా గుర్రాలన్నీ ఆడికే పోయి నీళ్లు తాగేవంట. ఏ కరువులోనూ ఎండలేదంట. కుళాయిలొచ్చినాక పూడ్చేసినారు."

"ఆ చేను మాదే. సరిగ్గా యాడుండాది సారూ?"

మురళి బీరువాలోంచి పాత పటం తీసి పరిచాడు. "చుట్టూ అంతా బండే. మీరెన్ని బోర్లేసినా లాభం ల్యా. ఊట ఆ బాయి అడుగునే ఉండాది. ఈ గట్టు రాయి నుంచి దక్షిణానికి నలభై గజాలు."

గాబ్రియేలు పటం మీద వేలు పెట్టాడు. వేలు మెల్లగా కిందికి జరిగింది. ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"అదృష్టమంటే మీదే పెద్దాయనా. పూడిక తీస్తే చాలు!"

"తీస్తే చాలు," అన్నాడు గాబ్రియేలు.

బయటికి రాగానే ఫోను మోగింది. తవ్వే మిషను నడిపే ఓబుళేశు.

"ఏం మామా, జాడ దొరికిందా? రేపు పొద్దున్నే మిషను తోలకొస్తా. మొదటి చెంబు నాకే తాపల్ల!"

"వద్దులేప్పా. ఉత్త మాటంట."

ఓబుళేశు ఇంకేదో అడుగుతుండగానే పెట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి జీవమ్మ సంగటి కెలికి ఎదురుచూస్తోంది.

"ఏమన్నా తెలిసిందా?"

"మన చేలో బాయే ల్యాదంట మే."

ఆమె అతనికో ముద్ద పెట్టి, తనకో ముద్ద పెట్టుకుని ఎదురుగా కూర్చుంది.

రెండేళ్ల కిందట ఆ చేలో ఎక్కడ గడ్డపార వేసినా బండే తగులుతుంటే, ఆ నలభయ్యో గజం దగ్గర ఒక్కచోటే మట్టి మెత్తగా ఉందని, ఒక్కగానొక్క కొడుకు హెన్రీని వాళ్లు పూడ్చిపెట్టింది అక్కడే.