సగం ముడి

యూటా ఎడారిలో కొండలెక్కేవాళ్ళ పండగ. చీటీలు తీసి జతలు కలిపితే లోరెన్‌కు మాజీ భర్త గ్రాంట్ వచ్చాడు. ఇద్దరికీ విడాకులై పదకొండు నెలలు. ఆమె ప్రతిదానికీ వంకలు పెడుతుందన్నది అప్పట్లో అతని ఫిర్యాదు.

"చీటీ మార్పిద్దామా?" అన్నాడు గ్రాంట్.

"దేనికి? కింద నిలబడి తాడు పట్టుకోవడానికి ప్రేమెందుకు?"

ఎక్కేముందు ఒకరు నడుముకు కట్టుకున్న తాడు ముడిని ఇంకొకరు సరిచూడాలి. లోరెన్ అతని నడుం దగ్గరి ముడి లాగి చూసింది.

"సగమే వేశావు."

గ్రాంట్ విప్పి మళ్ళీ వేశాడు.

"అదేంటి, వంక పెట్టానని గొడవ లేదా?"

"ఈ ఏడాది ఒక్క కొండా ఎక్కలేదు. ముడి చూడమంటే అందరూ చూడకుండానే బాగుందంటారు, ఇక ఎవరిని నమ్మి ఎక్కను?"

లోరెన్ అతని ముడి మళ్ళీ లాగి చూసింది. బాగానే ఉంది.

"ఇంకోసారి వెయ్యి," అంది నవ్వాపుకుంటూ.